తొడుగు తీయకుండా

మా దీవిలో పుస్తకాన్ని ముందుగా చదివేది బూజు.
అల్మరాలో పెట్టిన మూడో శీతాకాలానికి
ఆకుపచ్చ నూగై చివరి అధ్యాయం దాకా పాకేస్తుంది.
నేనింకా నలభయ్యో పేజీలోనే ఉంటాను.

అందుకే కాస్త్రోకి బస్సెక్కాను,
ఆదివారాల ఓవర్‌టైం డబ్బు లోపలి జేబులో
పిన్నీసుతో బిగించి.

కొట్లో కుర్రాడు ఎలియాసేర్
నాలుగు పలకలు బల్ల మీద పరిచాడు.
ఇందులో వేల పుస్తకాలు పడతాయన్నాడు.
నా ఆయుష్షులో ఎన్ని పడతాయో కనుక్కుని చెప్పు, అన్నాను.
ఇందులో రంగులున్నాయన్నాడు.
ఇది నీళ్ళలో పడినా బతుకుతుందన్నాడు.
నేను బతకను బాబూ, మా నీళ్ళ చలి నీకు తెలియందా?
ఇది చదివి వినిపిస్తుంది,
ఇదిగో, దీనికి వేలు తాకిస్తే చాలు.

అక్కడ ఆగాను.
జేబులోంచి తొడుగు తీసి వేసుకున్నాను.
మా పిన్ని అల్లిన ముతక ఉన్ని,
ఎన్నిసార్లు ఉతికినా గొర్రె వాసన వదల్లేదు.
తాకాను. నొక్కాను. గోకాను.
గాజుకి ఉలుకూ లేదు పలుకూ లేదు.
దేన్లోనూ వేలు పెట్టని మనిషిని నేను.
ఇరవయ్యేళ్ళుగా ఫెర్రీ మీద టికెట్లు చింపుతున్నా
ఎవరు ఎవరితో అవతలికి దాటుతున్నారో
ఒక్కసారీ అడిగి ఎరగను.
పుస్తకంలో మాత్రం ఎందుకు పెట్టాలి?

చివరికి మూలనుంచి ఒకటి తీశాడు.
పాత మోడల్, పెట్టె కూడా నలిగిపోయింది.
అంచున రెండు బొత్తాలు.
ఉన్నిలోంచి కూడా టిక్కుమన్నాయి.
ఇదీ, అన్నాను.

మూడు వారాలకోసారి కరెంటు పెడితే చాలు దానికి,
మా పిల్లికంటే నయం.
బూజుకి ఇందులో తినడానికేమీ దొరకదు.
అయినా మొన్న అట్ట కుట్టులో ఓ ఆకుపచ్చ చుక్క చూశాను.
పాపం, దాని ప్రయత్నం అది చేస్తోంది.

దాటడానికి పన్నెండు నిమిషాలు.
కార్లు సర్దుకునేలోగా ఒకటిన్నర పేజీ,
దిగేటప్పుడు ఏమీ లేదు, కళ్ళు గొలుసు మీద ఉండాలి.
అడుగున అది శాతాలు చూపించేది,
ముప్పై ఒకటి, ముప్పై రెండు.
చదువుకి మీటరేమిటని ఆ లెక్క ఆపేశాను.
అక్షరాలు పెద్దవి చేశాను, ఇంకా పెద్దవి,
పేజీకి నాలుగు వాక్యాలు మిగిలేదాకా.

ఆ పెద్ద అక్షరాలే తెచ్చాయి దోన్ బెలార్మీనోని.
వెల్లుల్లి జడలు భుజాన వేసుకుని సంతకి పోయే మనిషి.
ఒక మంగళవారం నా గది వెనక కిటికీ దగ్గర నిలబడ్డాడు.
వానకి దాక్కున్నాడనుకున్నాను.
బొత్తాం నొక్కగానే అద్దం తట్టాడు:
నాకింకా రెండు ముక్కలున్నాయి, వెనక్కి తిప్పు.

అప్పట్నించీ ఆయన తలూపితేనే పేజీ కదలడం.
నేను గబగబా మింగేదాన్ని, ఇప్పుడు ఆగాల్సొచ్చింది.
ఆ ఆగడంలోనే తెలిసింది
కథలో విధవరాలు చెప్పేది అబద్ధమని,
నా వేగానికైతే ఆమె మాట నమ్మేసి ఉందును.
తల తిప్పి చూస్తే ఆయనకీ అనుమానమే,
కనుబొమలు పైకి పోయి ఉన్నాయి.
కథ గురించి మేం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.
శనివారాలు నా చిల్లర డబ్బాలో ఓ వెల్లుల్లిపాయ ఉండేది.
చందా కాబోలు.

మాకు జూలై అంటే చలి ముదిరే నెల.
చలికి పలక కూడా బద్ధకిస్తుంది.
బొత్తాం నొక్కినా పాత పేజీ పూర్తిగా పోదు,
కొత్త వాక్యాల వెనక లేత నీడగా నిలబడిపోతుంది.
విసుక్కుంటూ చేతి అంచుతో తుడవబోయాను.
ఉండనీ, అన్నాడు అద్దం అవతలి నుంచి,
నేనింకా దాన్లోనే ఉన్నాను.

ఆరోజు ఒడ్డు తగిలాక కూడా
గొలుసు ఆలస్యంగా విప్పాను.
మినీబస్సు వాడు హారన్ కొట్టాడు.
కొట్టుకోనీ.